తిమి, తిమింగిలం, మన రాఘవుడు

తొమ్మిదో తరగతిలో డిక్టేషన్ చెబుతూ తెలుగు మాస్టారు ఒక మాట దగ్గర ఆగిపోవడం మన బ్యాచ్ వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అందరం ‘తిమింగలం’ అని రాశాం. తప్పేమీ కాదంటూనే ఆయన నల్లబల్ల మీద ‘తిమింగిలం’ అని రాసి, ‘గి’ మీది గుడిని రెండుసార్లు దిద్దారు. తిమి ఒక పెద్ద చేప. దాన్ని మింగేది తిమింగిలం. దాన్నీ మింగేది తిమింగిలగిలం.

“మరి దాన్ని మింగేదో?” అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు, ఇరికిద్దామనే.

“రాఘవం” అన్నారు మాస్టారు తడుముకోకుండా. పాత సంస్కృత శ్లోకంలో ఆ చేప పేరు నిజంగా అదే. మన తరగతిలోనూ ఆ పేరు గలవాడు ఒకడున్నాడు. అందరిలోకీ బక్కపలచన, మూడో ఇడ్లీ ఏనాడూ తినగా చూడలేదు. పదో తరగతి అయ్యేదాకా వాడి పక్కన ఎవరు కేరేజీ విప్పినా “జాగ్రత్త, మింగేస్తాడు” అనేవాళ్ళం.

తర్వాతి గంటకు వచ్చిన సైన్సు టీచరుగారు బల్ల వైపు చూసి, అది చేపే కాదు, పిల్లలకు పాలిచ్చే జంతువు అంటూ మొత్తం తుడిచేశారు.

మన వైపు కుర్రాళ్ళు చాలామందిలాగే నేనూ ఓడెక్కాను. ఇంజను గదిలో ఫిట్టరు పని. శ్రీలంక దక్షిణపు కొసన, దొండ్ర దగ్గర, ఓడల దారీ నీలి తిమింగలాలు మేసే నీళ్ళూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక పొద్దున డ్యూటీ దిగి డెక్కు మీద టీ తాగుతుంటే నీళ్ళలోంచి తెల్లటి ఆవిరి నిలువుగా లేచింది. వెనకే బూడిదరంగు కలిసిన నీలపు వీపు. అది జారుతూనే ఉంది, ఎంతకీ అయిపోదు. చిట్టచివర, ఇంత ఒంటికి ఇదేమిటనిపించేంత చిన్న రెక్క.

అందరం ఒక్కసారే అరిచాం, ఎవరి భాషలో వాళ్ళం. ఫిలిప్పీన్స్ బోసన్ (డెక్కు పనివాళ్ళ మేస్త్రీ) ‘బల్యేనా’ అన్నాడు. స్పెయిన్ వాళ్ళు ఏలిపోతూ వదిలిపెట్టిన మాట. ఉక్రెయిన్ ఇంజనీరుది ‘కిత్’, గ్రీకుల ‘కేటోస్’ నుంచి వచ్చింది. కొరియా కెప్టెన్ ‘కోరే’ అంటే నాకు ‘గొర్రె’ అని వినిపించి నవ్వాపుకోలేకపోయాను. తిమింగలాల కొట్లాటలో రొయ్య వీపు పగిలిందని వాళ్ళ సామెత. మనకు ఆంబోతులూ లేగదూడల కాళ్ళూ ఉన్నట్టే. కొంకణం నుంచి వచ్చిన ఆయిలర్ మరాఠీలో ‘దేవమాసా’ అన్నాడు. దేవుడి చేప! డచ్చివాళ్ళదీ చేపే, చైనా అక్షరంలోనూ ఒక పక్క చేప గుర్తే ఉంటుంది. పాపం, టీచరుగారి మాట ప్రపంచంలో చాలామంది వినలేదు.

నాకు బాగా నచ్చినది మాత్రం ఓడ మీద విన్నది కాదు. వియత్నాంలో మామూలుగా ‘కా వోయ్’ అంటారు, అంటే ఏనుగు చేప. జాలర్లు మాత్రం ‘ఓంగ్’ అంటారు, తాతగారూ అన్నంత మర్యాదగా. వుంగ్ తావు రేవులో ఆ తాతగారికి గుడే ఉంది, లోపల ఎముకలు దాచారు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలాన్ని మొదట చూసినవాడే పెద్దకొడుకు స్థానంలో నిలబడి మైల పట్టాలట. అదే కళేబరం ఒకప్పుడు ఐస్‌లాండ్‌లో ఒడ్డుకు చేరితే అది ఊరికి పంట. అయాచితంగా కలిసొచ్చిన ఏ అదృష్టాన్నయినా వాళ్ళు ఇప్పటికీ ‘తిమింగలం ఒడ్డుకు కొట్టుకురావడం’ అనే మాటతోనే చెబుతారు.

మళ్ళీ ఆ పొద్దుటికి వస్తాను. మా వంటవాడిది చిట్టగాంగ్. గరిటె పట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చి “తిమి! తిమి!” అని గంతులేశాడు. బెంగాలీలో తిమింగలాన్నే తిమి అంటారు. మాస్టారి లెక్కలో అందరికంటే ముందు గుటుక్కుమన్న చేప, వాళ్ళ దగ్గర ఏకంగా తిమింగలమై కూర్చుంది.

మాస్టారికి చెప్పే భాగ్యం లేకపోయింది. రేవు చేరి సిగ్నల్ దొరకగానే రాఘవుడికి ఫోను చేశాను. అంతా విని, “నాకిప్పుడు షుగరు. రాత్రిపూట రెండు పుల్కాలే” అన్నాడు.