ఏడో నెల పౌర్ణమి, సైగాన్, వియత్నాం

సాయంత్రం ఆఫీసు నుంచి ఇక్కడి చైనా వాళ్ల పేట చొలన్ మీదుగా నడుచుకుంటూ వచ్చాను. హై థూంగ్ లాన్ ఓంగ్ వీధంతా మూలికల కొట్లే. పేవ్‌మెంట్ మీదికి జరిగిన బస్తాలు, దాల్చినచెక్క ఘాటు, పక్కనే ఆగకుండా పోయే స్కూటర్లు. ఈ వీధి నాకెందుకో మొదటినుంచీ ఇష్టం.

ఇక్కడి చాంద్రమానంలో ఇవాళ ఏడో నెల పౌర్ణమి. ఈ నెలలో నరకం తలుపులు తెరుస్తారనీ, దిక్కులేని ఆత్మలు ఆకలితో తిరుగుతాయనీ నమ్మకం. చనిపోయిన తమ పెద్దలకి ఇంట్లో పీఠం దగ్గర భోజనం పెడతారు. ఎవరూ లేనివాళ్లకి మాత్రం గుమ్మం బయట, వీధిలోనే.

ఒక కొట్టు ముందు పెద్దావిడ బల్ల వేసి సర్దుతోంది. ఉడికించిన చిలగడదుంపలు, చెరకు ముక్కలు, పేలాలు, చాక్లెట్లు, చిన్న చిన్న గిన్నెల్లో తెల్లటి గంజి. నీళ్లలా పల్చగా ఉంది. ఆ ఆత్మల గొంతు సూది బెజ్జమంతే ఉంటుందట, మెతుకు దిగదట. ఊరూ పేరూ తెలియని చచ్చిపోయినవాళ్ల గొంతుని కూడా తలుచుకుని వండారంటే నాకు కళ్లు చెమర్చాయి. మధ్యలో బేరం వస్తే ఆవిడ లేచి, వేర్లేవో తూచి ఇచ్చి, డబ్బు గల్లాలో వేసి, మళ్లీ వచ్చి అగరొత్తులు వెలిగించింది. పూజకీ వ్యాపారానికీ మధ్య గోడ లేదిక్కడ.

ఒత్తులు కాలేదాకా చుట్టూ పిల్లలు కాచుకుని ఉన్నారు. ఆవిడ తల ఊపగానే బల్ల మీద పడ్డారు. ఎంత తొందరగా ఖాళీ అయితే అంత శుభమట. తర్వాత ఉప్పూ బియ్యం కలిపి గుప్పిళ్లతో రోడ్డు మీదికి చల్లింది, కాగితం బట్టలూ కాగితం నోట్లూ రేకు డబ్బాలో కాల్చింది. పొగ ముఖానికి కొడుతున్నా స్కూటర్ల వాళ్లెవరూ విసుక్కోలేదు. దశాబ్దాల పాటు యుద్ధాలు చూసిన దేశం, సమాధి ఎక్కడో తెలియని బిడ్డలు ఇప్పటికీ ఎన్నో కుటుంబాల్లో ఉన్నారు. ఈ గంజిగిన్నె వాళ్లకీ చేరాలని ఎంతమంది తల్లులు అనుకుంటారో.

మన తర్పణాల్లోనూ తల్లీ తండ్రీ బంధువూ ఎవరూ లేనివాళ్లకి చివర్న నీళ్లు వదులుతారు. నాన్న చేస్తుంటే చిన్నప్పుడు వినడమే కానీ, ఎవరికోసమని ఎప్పుడూ అడగలేదు. మహాలయ అమావాస్య నాడు ఫోన్ చేసి, ఆ మంత్రం చెప్పేటప్పుడు నన్ను లైన్‌లో ఉంచమని నాన్నకి చెప్పాలి.