లైను రాకముందే ప్లాంటు రెడీ అయితే

విండ్, సోలార్ ఇప్పుడిప్పుడే మొదలవుతున్న దేశాలకు పనికి వెళ్లే మనవాళ్లు ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు ఒక్క సంగతి అడిగి తెలుసుకోండి: గ్రిడ్ వరకు లైను ఎవరు వేస్తున్నారు, ఎంతదాకా వచ్చింది? చాలాచోట్ల ప్లాంటు కట్టేది ప్రైవేటు కంపెనీ, లైను వేసేది ప్రభుత్వ సంస్థ. వందల కిలోమీటర్ల లైనంటే దారి పొడవునా భూమి పంచాయితీలే. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర 850 కిలోవాట్ల టర్బైన్లు 365 పెట్టారు, మొత్తం 310 మెగావాట్లు. 2017లోనే అవి నిలబడ్డాయి. లైను మాత్రం 2018 సెప్టెంబరులో గానీ ఛార్జ్ కాలేదు, అంటే అందులోకి కరెంటు ఎక్కలేదు.

ప్లాంటు రెడీ అయి లైను కోసం ఆగిన ఈ కాలంలోనే సామాను పాడవుతుంది. టర్బైన్ రోటర్‌ని నెలల తరబడి లాక్ చేసి వదిలేస్తే, గాలి అదురుకి బేరింగ్‌లో రోలర్లు ఒకేచోట రాసుకుని గాట్లు పడతాయి. మాన్యువల్ ఒప్పుకున్న మేరకు బ్లేడ్లు ఫెదర్ చేసి (అంటే గాలి పెద్దగా పట్టకుండా అంచును గాలివైపు తిప్పి) నిదానంగా తిరగనివ్వాలి. జనరేటర్ వైండింగ్ హీటర్లకు డీజిల్ సెట్ నుంచైనా కరెంటు ఇవ్వాలి, లేకుంటే చెమ్మ పట్టి మెగ్గర్ రీడింగ్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో చెప్పే కొలత) పడిపోతుంది.

సోలార్‌లో మొదట దెబ్బతినేది ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్. మూత లేకుండా వేలాడుతుంటే ఇసుక లోపలికి పోతుంది. తర్వాత జత చేస్తే టక్కుమని శబ్దం వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. లోడ్ ఎక్కాక వేడెక్కి కరుగుతుంది. రెండు వేర్వేరు బ్రాండ్లవి కలిపినా, వైరు కొనకు బిగించే క్రింప్‌ని కటింగ్ ప్లేయర్‌తో నొక్కినా అంతే. మూతలు పెట్టండి, సరైన క్రింపింగ్ టూల్ వాడండి, లోడ్ మీద థర్మల్ కెమెరాతో చూడండి.

స్ట్రింగ్ (ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరుస) లెక్క కూడా మీరే మళ్లీ వేసి చూసుకోండి. 49.5 వోల్టుల ప్యానెళ్లు 30 కలిపితే 1485, అంటే ఇన్వర్టర్ లిమిట్ 1500 లోపే అనిపిస్తుంది. ఆ 49.5 అనేది 25 డిగ్రీల దగ్గరి మాట. డిగ్రీ తగ్గినకొద్దీ 0.27 శాతం పెరుగుతుంది. 5 డిగ్రీల తెల్లవారుజామున అదే స్ట్రింగ్ 1565 దాటుతుంది, ఇన్వర్టర్ పోవచ్చు. 28 పెడితే అదే చలిలో 1461.

లైను వచ్చేనాటికి బిగించినవాళ్ల వీసాలు ముగిసి, కొత్త మనుషులు వచ్చి ఉంటారు. అందుకే స్ట్రింగ్ నంబరు, టార్క్ (బోల్టు ఎంత బలంగా బిగించారో), మెగ్గర్ రీడింగ్, తేదీ ఏ రోజువి ఆ రోజే రాసిపెట్టండి. ట్యాగ్ మీద అక్కడివాళ్ల భాషలో కూడా రాయండి. దాన్ని చదివి రేపు స్విచ్ వేసేది వాళ్లే.