లాగిన్ కాగానే టీమక్స్: ఏ ఫైల్లో, ఏ షరతులతో

నల్లగొండలో ఇంటి నుంచి పనిచేసే నాబోటి వారికి కరెంటు పోవడం, దానితోపాటే రౌటర్ ఆగి ఎస్ఎస్‌హెచ్ (దూరంలోని సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడేది) కనెక్షన్ తెగిపోవడం కొత్త సంగతి కాదు. నేను చూసుకునే సర్వర్ హైదరాబాదులో ఉంటుంది. మిర్యాలగూడ వైపు రైసు మిల్లుల ఖాతాలన్నీ అందులోనే ఉంటాయి కనుక, బ్యాకప్ నడుస్తుండగా కనెక్షన్ తెగి ఆ పని సగంలో ఆగిపోవడానికి వీల్లేదు. టీమక్స్ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌లో మొదలుపెట్టిన పని కనెక్షన్ పోయినా సర్వర్‌లో సాగుతూనే ఉంటుంది. మళ్లీ లాగిన్ అయి ఆ సెషన్‌కు అటాచ్ అయితే, అంటే తిరిగి దానిలో చేరితే చాలు. 1987 నాటి గ్నూ స్క్రీన్ కూడా ఇదే పని చేస్తుంది. చిక్కల్లా టీమక్స్‌ను ప్రారంభించడం గుర్తుండటమే. మనం మరిచిన రోజునే కరెంటు పోతుంది. అందుకే లాగిన్ కాగానే టీమక్స్ దానంతటదే మొదలయ్యే ఏర్పాటు చేసుకున్నాను.

చాలామంది టీమక్స్‌ను ప్రారంభించే వరుసను డాట్ బాష్‌ఆర్‌సీలో, అంటే బాష్ అనే షెల్ (మన ఆదేశాలను అందుకుని నడిపే ప్రోగ్రామ్) మొదలయ్యేటప్పుడు చదివే ఫైళ్లలో ఒకదానిలో రాస్తారు. ఎస్‌సీపీ, ఆర్‌సింక్ వంటి ఫైళ్లు పంపే ప్రోగ్రాములు సర్వర్‌లో ఆదేశాన్ని నడిపించేటప్పుడు కూడా బాష్ సాధారణంగా ఆ ఫైలును చదువుతుంది కాబట్టి, షరతు లేకుండా రాస్తే ఫైళ్లు పంపడం చెడిపోతుంది. నా దృష్టిలో సరైన చోటు లాగిన్ షెల్ (లాగిన్ కాగానే మొదలయ్యే షెల్) చదివే ఫైలే. అయితే ఉబుంటు లినక్స్‌లో అలాంటి ఫైలు, డాట్ ప్రొఫైల్, ముందే ఉంటుంది. కొత్తగా డాట్ బాష్ ప్రొఫైల్ సృష్టిస్తే బాష్ దాన్ని మాత్రమే చదివి పాతదాన్ని వదిలేస్తుంది గనుక, ఉన్న ఫైలు చివరనే రాయడం మేలు.

టీమక్స్ తాను తెరిచే ప్రతి విండోలోనూ మామూలుగా లాగిన్ షెల్‌నే నడుపుతుంది, అంటే మన వరుస అక్కడ మళ్లీ అమలవుతుంది. అందువల్ల టీమక్స్ తన విండోల్లో నింపి ఉంచే ‘టీమక్స్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఖాళీగా ఉన్నప్పుడే ముందుకు సాగాలని మొదటి షరతు పెట్టాలి. షెల్ ఇంటరాక్టివ్‌గా ఉందా (మనం టైప్ చేసే ఆదేశాల కోసం చూస్తోందా), ఎస్ఎస్‌హెచ్ ద్వారానే వచ్చామా, టీమక్స్ అసలు ఇన్‌స్టాల్ అయి ఉందా అన్నవి తక్కిన షరతులు. ఆ తరువాత న్యూ సెషన్ ఆదేశానికి పెద్ద బడి ‘ఏ’ ఆప్షన్‌నూ ఒక పేరునూ ఇస్తే, ఆ పేరుతో సెషన్ ఉంటే దానికి అటాచ్ చేస్తుంది, లేకపోతే కొత్తది తెరుస్తుంది.

షెల్ స్థానంలోనే టీమక్స్ నడిచేలా ఆ వరుస ముందు ‘ఎగ్జెక్’ చేర్చమని చెప్పేవారున్నారు. డిటాచ్ కాగానే, అంటే సెషన్‌ను నడవనిచ్చి దాని నుంచి బయటికి రాగానే, కనెక్షన్ కూడా ముగుస్తుంది కనుక అది చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ ఏదో అప్‌గ్రేడ్ తరువాత టీమక్స్ మొరాయిస్తే, లేదా మన టెర్మినల్ రకం సర్వర్‌కు తెలియకపోతే, లాగిన్ అయిన మరుక్షణమే బయటపడతాం. ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. దానికి బదులు, టీమక్స్ సవ్యంగా ముగిస్తేనే ఎగ్జిట్ కావాలని రెండు యాంపర్‌శాండ్ గుర్తులతో కలిపి రాస్తే, అది విఫలమైన రోజున మామూలు షెల్ చేతిలో మిగులుతుంది. ఇప్పటికే ఎగ్జెక్‌తో ఇరుక్కున్నవారు ఎస్ఎస్‌హెచ్‌కు చిన్న బడి ‘టీ’ ఆప్షన్ ఇచ్చి, చివర బాష్‌ను నోప్రొఫైల్, నోఆర్‌సీ ఆప్షన్లతో నడిపితే లోపలికి వెళ్లి ఆ వరుసను తీసేయవచ్చు.

ఇంకొకటి చూసుకోవాలి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి 2016లో వచ్చిన 230వ వెర్షన్‌లో, లాగౌట్ కాగానే యూజర్ ప్రాసెస్‌లన్నిటినీ చంపే అమరిక డిఫాల్ట్ అయింది. చాలా డిస్ట్రోలు (లినక్స్ రకాలు) దాన్ని ఆపే ఉంచాయి గానీ, సిస్టమ్‌డీలో లాగిన్‌లను చూసుకునే లాగిన్‌డీ కాన్ఫిగరేషన్‌లో ‘కిల్ యూజర్ ప్రాసెసెస్’ ఎదుట ‘యెస్’ అని ఉంటే కనెక్షన్‌తోపాటు టీమక్స్ కూడా పోతుంది.