ఆగిపోయిందా, ఆరిపోయిందా

"అమ్మా, మళ్లీ ఆరిపోయింది!" మేడమీద గదిలోంచి మా అమ్మాయి కేక.

నేను కిందనుంచే సరిదిద్దాను. "ఆరిపోయింది కాదు, ఆగిపోయింది అనాలి. దీపం ఆరిపోతుంది, కంప్యూటర్ ఆగిపోతుంది."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నీరసంగా, "సరే, ఆగిపోయింది. మళ్లీ."

తనకి 14 ఏళ్లు. దాచుకున్న డబ్బుతో గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు కొనుక్కుని, ఆ మధ్యాహ్నమే ఆరేళ్ల నాటి డెస్క్‌టాప్ విప్పి తనే బిగించుకుంది. పనిలో పనిగా రెండు ర్యామ్ (మెమరీ) స్టిక్కులు కూడా పెట్టింది. ఆన్ చేస్తే అంతా బాగానే వచ్చింది. గేమ్ పెడితే మాత్రం ఉన్నట్టుండి తెర నల్లబడిపోవడం, ఫ్యాన్లు ఆగడం, రెండు క్షణాల్లో మళ్లీ మొదటినుంచి లేవడం. నేను పైకి వెళ్లి అన్న మొదటి మాట: "అసలు నువ్వెందుకు ముట్టుకున్నావ్?"

ఆ మాట నాది కాదు, మా నాన్నది. మా ఇంట్లో మెషిన్ అంటే పిల్లలు దూరంగా నిలబడి చూసేది. తెలుగు నేలకు దూరంగా, ఇక్కడ పెరిగిన దీనికేమో విప్పి చూడకపోతే అది తన వస్తువే కాదు. నా ప్రశ్నకి జవాబు కూడా చెప్పకుండా, నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూసింది. ముట్టుకోకుండా కార్డు ఎలా పెడతారు మరి?

మా ఇంట్లో ఒక నియమం ఉంది. నాతో తెలుగులోనే మాట్లాడాలి. కార్డు, కేబుల్, స్క్రూ లాంటివి ఏ భాషలోవైనా నాకు అభ్యంతరం లేదు, క్రియ మాత్రం తెలుగులో ఉండాలి. ఈ కంప్యూటర్ గొడవలో ఆ నియమం ఎంత డొల్లో బయటపడింది. మా పిల్లకి వచ్చిన తెలుగంతా నా ఆర్డర్లే: రా, తిను, పడుకో, లైటు ఆర్పేయ్, ఇక అది కట్టేయ్. జరిగినది జరిగినట్టు వరసగా చెప్పమంటే మాట రాదు. వదులుగా ఉంది అనడానికి "అది షేక్ అవుతుంది" అంటుంది. బిగించు, ఊడదీయి, గుచ్చు అనే మాటలు పద్నాలుగేళ్లలో ఒక్కసారైనా దాని చెవిన పడలేదంటే తప్పు దానిది కాదు. వాటితో పని పడేలా నేనెప్పుడూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకోలేదు.

నా వైపూ తక్కువేం లేదు. "ముందు సీపీయూ మంచం మీద పెట్టు, చూద్దాం" అన్నాను. అది పగలబడి నవ్వింది. మనం ఆ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అంటాం కదా. దాని లెక్కలో సీపీయూ అంటే లోపల ఫ్యాన్ కింద దాక్కున్న చిన్న చిప్, ప్రాసెసర్. గోడ కరెంటును లోపలి భాగాలకు పంచే పెట్టెను నేను ఎస్ఎంపీఎస్ అంటే, దానికి అది పీఎస్‌యూ. అది ఒకే వస్తువని ఒప్పందానికి రావడానికి పది నిమిషాలు పట్టింది. చివరికి ఇద్దరం "పవర్ సప్లై" దగ్గర రాజీపడ్డాం.

నాకు హార్డ్‌వేర్ రాదు. నేను అకౌంట్స్ మనిషిని. నాకు తెలిసింది ఒక్కటే, ఒకేసారి రెండు పద్దులు మారిస్తే తేడా ఎక్కడొచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇదేమో కార్డూ ర్యామూ ఒకే పూట మార్చి కూర్చుంది. అందుకని ఒక తెల్లకాగితం ఇచ్చి, ఎప్పుడు పోతోందో, పోయే ముందు ఏం చేస్తున్నావో రాయమన్నాను. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. మొదటి పద్దు: "గేమ్ పెట్టిన తరువాత పోయింది."

"తరువాత అంటే? పెట్టగానేనా, పెట్టిన కాసేపటికా?"

"రెండూ ఒకటే కదా?"

ఒకటి కాదు. ఈ రిపేరులో సగం ఆ "గానే" దగ్గరే ఉంది. అరగంటకో ముప్పావుగంటకో పోతుంటే ముందు వేడిని అనుమానించాలి: కూలర్ సరిగా కూర్చోలేదా, ఫ్యాన్ తిరగడం లేదా అని. పని మీద పడగానే పోతుంటే కరెంటును చూడాలి. ఆ మాట పట్టుకుని మళ్లీ రాసింది. లోడింగ్ తెర రాగానే, 15 సెకన్లకి. మరోసారి 40 సెకన్లకి. ఒకసారి రెండు నిమిషాలకి. ఆ సమయంలో కార్డు వేడి 60 డిగ్రీలు కూడా దాటలేదు. వేడిని కొట్టేశాం.

తర్వాత విండోస్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్, అందులో స్టార్టప్ అండ్ రికవరీకి వెళ్లి "ఆటోమేటిక్‌గా రీస్టార్ట్" దగ్గర టిక్కు తీసేశాం. ఆ టిక్కు ఉన్నంతకాలం తప్పు జరిగినప్పుడు మా విండోస్‌లో వచ్చే నీలి తెర చదివేలోపే మాయమవుతుంది. తీసేస్తే నీలి తెర నిలబడి తనకేమైందో చెబుతుంది. మాకు అదీ రాలేదు. మునుపటిలాగే నల్లగా పోయి మళ్లీ లేచింది.

విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే వరసగా ఎర్ర గుర్తులు: కెర్నల్-పవర్, 41. అది చూడగానే అమ్మాయి "దొరికింది!" అంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ 41 రోగం పేరు కాదు. విండోస్ మళ్లీ లేచాక, "నన్ను పద్ధతిగా మూయలేదు" అని రాసుకునే ఫిర్యాదు మాత్రమే. చూడాల్సింది దాని కింద వివరాల్లో ఉండే బగ్‌చెక్‌కోడ్. మాకు అక్కడ 0 ఉంది. విండోస్ తప్పు పట్టుకుని తనకు తాను ఆగి ఉంటే అక్కడ ఏదో అంకె పడేది. సున్నా అంటే దానికి రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని, చాలాసార్లు కాళ్ల కింద కరెంటే పోయిందని.

అంటే ఆగిపోలేదు. ఆరిపోయింది.

"నేను మొదటే చెప్పాను" అంది. నిజమే. "లైటు ఆర్పేయ్" అని రోజూ వినీ వినీ, కళ్ల ముందు జరిగినదానికి సరిపోయే మాటే పట్టుకొచ్చింది. నేను వ్యాకరణం మాష్టారిలా దిద్ది, చేతికొచ్చిన ఆధారాన్ని చెరిపేశాను.

అయినా అంతటితో ఖాయం చేసుకోలేదు. పాత కార్డు వెనక్కి పెట్టి, కొత్త ర్యామ్ అలాగే ఉంచాం. మూడు గంటలు ఆడినా కదల్లేదు. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపినా ఒక్క తప్పు రాలేదు, ర్యామ్ నిర్దోషి. మళ్లీ కొత్త కార్డు పెట్టి, కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అదే పాత డ్రైవర్, మొత్తం పీకేసి కొత్తది వేశాం. తేడా లేదు, ఒక సాయంత్రం దండగ. తర్వాత గేమ్‌ను సెకనుకు 60 ఫ్రేములకు కట్టడి చేసి, కార్డు గుంజుకునే కరెంటు హద్దు, అంటే పవర్ లిమిట్, 70 శాతానికి దించింది. గంటన్నర ఆడింది. తీసేయగానే 20 సెకన్లలో పోయింది. "తీసేయగానే" అని తనే అంది, నేను అందించకుండా.

అంటే పవర్ సప్లై చాలడం లేదన్నాను. అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. కొనేముందే లెక్క వేసిందట. కార్డు 220 వాట్లు, ప్రాసెసర్ 65, మిగతావన్నీ కలిపినా 350 దాటదు, పవర్ సప్లై మీద 500 అని ఉంది, గోల్డ్ అని ముద్ర కూడా ఉంది. ఆ కాగితం తెచ్చి చూపించింది. కూడిక తప్పు లేదు. కానీ కార్డు మీద రాసే 220 సగటులాంటిది. గ్రాఫిక్స్ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు దానికి రెట్టింపు దాకా గుంజుకోగలవు. నెలాఖరు నిల్వ చూసుకుని ధీమాగా ఉంటే మధ్యలో ఒకరోజు చెక్కు బౌన్స్ అయినట్టు. ఆ క్షణానికి వోల్టేజీ పడిపోవడమో, సప్లై తన రక్షణ కోసం తానే తెగ్గొట్టుకోవడమో జరుగుతుంది. పవర్ సప్లైల కోసం 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం కొత్త పెద్ద సప్లైలు 100 మైక్రోసెకన్ల పాటు తమ శక్తికి రెండింతలు తట్టుకోవాలని పెట్టింది ఇందుకే. ఆరేళ్ల నాటి మా సప్లైకి ఆ సంగతేం తెలుసు? ఇక గోల్డ్ ముద్ర కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెబుతుంది, ఎంత బలముందో కాదు.

ఇంకో సంగతి కూడా బయటపడింది. కార్డుకి రెండు 8 పిన్నుల సాకెట్లున్నాయి. ఒక్కోటి 150 వాట్లకి, కార్డు కూర్చునే స్లాటు 75కి. మా అమ్మాయి ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలల్నీ చెరో సాకెట్‌లో గుచ్చింది. విడిగా రెండో కేబుల్ లాగి గుచ్చితే, 20 సెకన్లలో పోయేది 20 నిమిషాలు నిలబడింది. కోలుకున్నట్టే అనిపించింది కానీ, పోవడమైతే మానలేదు.

750 వాట్ల సప్లై తెప్పించాం. అసలు టెన్షన్ అప్పుడే. పాత కేబుళ్లు వెనకవైపు అందంగా సర్ది కట్టుకుని ఉంది. వాటిని అలాగే ఉంచి సప్లై డబ్బా ఒక్కటే మారుద్దామంది. తలలు సరిపోతున్నాయి కూడా, గుచ్చి చూపించింది. మాన్యువల్ చదువుతున్నదాన్ని గట్టిగా అరిచాను, "ముట్టుకోకు!"

"ఎందుకు?"

నా చిన్నప్పుడు ఆ ప్రశ్న అడిగితే దెబ్బ పడేది. ఈసారి నా దగ్గర జవాబుంది. ఊడదీసే కేబుళ్లలో సప్లై వైపు ఉండే పిన్నుల వరస కంపెనీకో రకంగా ఉంటుంది, ఒకే కంపెనీలో మోడల్ మారినా మారొచ్చు. ఆకారం కలిసినంత మాత్రాన అయిదు వోల్టులు వెళ్లాల్సిన చోట పన్నెండు వెళ్తే డిస్కులూ బోర్డూ కాలిపోతాయి. ఇంకోటి కూడా చెప్పాను: పాత సప్లై డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. అది విప్పుదామనే చూస్తోందని దాని మొహంలోనే తెలిసింది. జవాబు విని స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి, అంత అందంగా సర్దిన కేబుళ్లన్నీ గొణుక్కుంటూ పీకేసింది.

అంతా బిగించి బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం రాలేదు. ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. ప్రాసెసర్‌కి వెళ్లే కేబుల్ సగమే దిగింది. "వదులుగా ఉందమ్మా" అని టక్కుమనేదాకా నొక్కింది.

ఆ రాత్రి నేను పడుకున్నాక కూడా ఆడుతూనే ఉంది. పొద్దున టేబుల్ మీద కాగితం కనిపించింది. రెండు వైపులా నిండిపోయి, కొట్టివేతలతో. అడుగున కొత్తగా రాసిన పద్దు, ఇంగ్లీషు అక్షరాల్లోనే:

"లిమిట్ లేదు. 3 గంటలు. ఆరలేదు. నేనే కట్టేశాను."