అమ్మ ‘మల్లీశ్వరి’ రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కేసరికి

నిన్న రాత్రితో పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంట్లో అటక మీద పాత రికార్డులు దాచుకున్నవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. నేను పడ్డ బాధ వాళ్లు పడకూడదు.

తాతయ్య రికార్డుల్లో అమ్మ వాటాకు ఆరు వచ్చాయి. అందులో నాలుగు ‘మల్లీశ్వరి’వి. 1951 డిసెంబరులో విడుదలైన సినిమా. బి.ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థలో తీశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు సినిమాకు రాయడం దీంతోనే మొదలు. రాయలవారి కాలం కథ కదా అని సాలూరి రాజేశ్వరరావుగారు ప్రతి పాటకూ దర్బారు హంగు తగిలించలేదు. ఎడ్లబండి పాట వింటే గిత్తల పరుగు తెలుస్తుంది. ‘ఉషా పరిణయం’ దగ్గరికొస్తే అచ్చం యక్షగానం. భానుమతిగారు తన పాటలు తనే పాడుకున్నారు కాబట్టి తెరమీద మనిషి వేరు, గొంతు వేరు అనిపించదు. ఇప్పటి చారిత్రక సినిమాల్లో డప్పుల మోతకు మాటే వినపడదు. ఈ సంగీతం నేర్పిన వినయం ఇంకెవరికైనా కావాలంటే వచ్చి మా ఇంట్లో కూర్చోండి, వినిపిస్తాను.

అమ్మకు 81 ఏళ్లు. ‘మనసున మల్లెల’ మళ్లీ వినాలంది. ఫోన్‌లో పెట్టాను. రెండు నిమిషాలు విని, “ఇది మనది కాదే” అంది. తాతయ్య రికార్డులో రెండో చరణం దగ్గర ఒక గీత ఉంది, అక్కడ ‘టక్’ మంటుంది. చిన్నప్పుడు అమ్మ ఆ పాట పాడినా అక్కడ చిటిక వేసేది. తనకు ఆ రికార్డే కావాలి. గ్రామఫోను స్ప్రింగు తెగి ఏళ్లయింది.

రికార్డులను చీర మడతల్లో పెట్టి ఊరి నుంచి హైదరాబాదు తెచ్చాను. ఒక్కటీ పగల్లేదు.

పాత క్యాసెట్లు, రికార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తామని బోర్డు పెట్టిన దుకాణం ఒకటి దొరికింది. పేరు రాయను. పాటకు 300 అన్నాడు, సరే అన్నాను. నా కళ్ల ముందే దూదిని స్పిరిట్‌లో ముంచి రికార్డు అంచు తుడిచాడు. దూది నల్లబడింది. “చూశారా మేడమ్, ఎంత మురికో!” అన్నాడు. అది మురికి కాదు, రికార్డే. ఆ కాలం రికార్డుల్లో ఉండేది లక్క. వడ్రంగులు పాలిష్ చేసుకోవడానికి లక్కను కరిగించేదే స్పిరిట్‌లో. మా నాన్న ఫర్నిచరు పని చేయించేటప్పుడు చూశాను కాబట్టి చప్పున చెయ్యి పట్టుకుని ఆపాను. ఆపేలోగా వేలెడంత మేర మెరుపు పోయింది.

అప్పుడే రికార్డులు తీసుకుని వచ్చేయాల్సింది. ఆటో ఎక్కి అంత దూరం వచ్చాం కదా అని ఉండిపోయాను.

రెండు రోజులకు పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. పాట మొదలవగానే అమ్మ మొహం మారింది. తన పాత హార్మోనియం తెప్పించి, ఒక మెట్టు నొక్కింది, కలవలేదు. పక్క మెట్టు నొక్కింది, అదీ కలవలేదు. పాట రెండు మెట్ల మధ్యలో ఎక్కడో ఉంది. “మా నాన్న ఈ పెట్టెకే కలిపి పెట్టేవాడు. భానుమతి ఇలా కీచుగా పాడలేదు” అంది.

మర్నాడు దుకాణానికి వెళ్లి చెప్పాను. నలుగురు గిరాకీలున్నారు. అందరికీ వినపడేలా, “పెద్దవయసు కదా మేడమ్, ముందు మీ అమ్మగారి చెవులు చూపించండి” అన్నాడు. వాళ్లు నవ్వారు. నా నోట మాట రాలేదు. డబ్బు వెనక్కి అడగాలని కూడా తోచలేదు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చాను. నన్నంటే పడేదాన్ని. కల్యాణి రాగం వింటే ఏ స్వరం ఎక్కడుందో చెప్పగల మా అమ్మ చెవులనా!

ఇంటికొచ్చి అతని మిషన్ ఫొటో తీసుకున్నది పెద్దది చేసి చూశాను. దాని మీద నిమిషానికి 33, 45 చుట్ల స్పీడులే ఉన్నాయి. మా పాత రికార్డులు తిరగాల్సిన 78 లేనే లేదు. 45 మీద తిప్పి కంప్యూటర్‌లో వేగం పెంచాడన్నమాట. అలా చేయొచ్చు, తప్పు లేదు. కానీ 78ని 45తో భాగిస్తే 1.733 వస్తుంది. అతను 1.8 పెట్టాడు. ఫైలు వివరాల్లో ఆ అంకె అలాగే ఉంది. 3 నిమిషాల 10 సెకన్ల పాట 3 నిమిషాల 3 సెకన్లకు అయిపోయింది. శృతి సగం మెట్టుకు పైగా ఎగిరింది. 81 ఏళ్ల చెవి పట్టుకుంది, కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి పట్టలేదు. ఈ లెక్క నేనే కట్టాను, నేను ఇంటర్‌తో ఆపేసిన మనిషిని.

తెలిసినవాళ్ల ద్వారా విజయవాడలో రికార్డులు సేకరించే పెద్దాయన దొరికారు. అక్కడికి అమ్మనూ తీసుకెళ్లాను. ఆయన రికార్డును మెత్తటి పొడి బ్రష్‌తో తుడిచారు, అంతే. సూది మార్చారు. ఎల్‌పీ (తర్వాత వచ్చిన 33 స్పీడు రికార్డు) సూది మొన 78 రికార్డు గాడికి మరీ సన్నమట, అడుగుకు దిగి దుమ్ములో ఈడ్చుకుపోతుందట. 78కి దాదాపు మూడింతల లావు సూది కావాలి. మీరు ఎక్కడికి వెళ్లినా ముందు “78 సూది ఉందా, 78 స్పీడు ఉందా” అని అడగండి. రికార్డు వదిలేసి రాకండి. స్పిరిట్ సీసా కనిపిస్తే లేచి వచ్చేయండి.

తర్వాత ఆయన రికార్డు కింద చిన్న కాగితం ముక్క దోపి, గడియారం చూస్తూ, “లెక్కపెట్టండమ్మా” అన్నారు. అమ్మ లెక్కపెట్టింది. నిమిషానికి సరిగ్గా 78 చుట్లు. “మా నాన్నా ఇలాగే కాగితం పెట్టేవాడండీ” అంది అమ్మ. ఆయన రూపాయి తీసుకోలేదు.

రాత్రి ఇంట్లో పాట పెట్టాను. స్పిరిట్ తగిలిన చోట మొదట్లో కాసేపు బరబరమంది. తర్వాత భానుమతిగారి గొంతు తేరుకుంది. అమ్మ హార్మోనియం మెట్టు నొక్కి పట్టుకుంది, వేలు కదపలేదు. రెండో చరణం దగ్గర ఇంకో చేత్తో చిటిక వేసింది. సరిగ్గా అక్కడే ‘టక్’ మంది.