గ్రాట్యుటీ చేతికందేదాకా: ఉద్యోగం పోయిన తర్వాత నా అనుభవం

హనుమకొండ శివారులోని ఒక విత్తనాల కంపెనీ గోదాములో తొమ్మిదేళ్ల రెండు నెలలు స్టోర్ గుమస్తాగా పనిచేసిన నన్ను, 2023 ఆగస్టులో అనుచిత ప్రవర్తన కింద ఉద్యోగం నుంచి తొలగించారు. ఉద్యోగం ముగిసినప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ, నా లెక్కన 81,000 రూపాయలు, నిన్ననే ఖాతాలో పడ్డాయి కనుక, మనసులో ఉన్నది ఉన్నట్టుగా ఇప్పుడే రాస్తున్నాను.

తప్పు నా వైపున ఉంది. లెక్కలో మూడు మొక్కజొన్న విత్తనాల బస్తాలు తక్కువ వచ్చాయని, వయసులో నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన మేనేజరు హమాలీలందరి ముందు "ఆ మూడు బస్తాలు మీ ఇంట్ల దించినవా?" అని అడిగాడు. తొమ్మిదేళ్లలో నా రిజిస్టరులో ఒక్క కిలో తేడా రాలేదు. చేతిలో ఉన్న గేటు పాసుల పుస్తకాన్ని ఆయన బల్ల మీదికి విసిరికొట్టాను, చాయ్ గ్లాసు పగిలింది, "నువ్వెంత, నీ బతుకెంత" అని నోరు జారాను. ఆ బస్తాలు వారం తర్వాత మరో డిపోకు పోయిన లోడులో ఎక్కువగా తేలాయి. అయినా ఆయన అన్న మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు.

షోకాజ్ నోటీసుకు జవాబిచ్చాను, ఛార్జిషీటు అందుకున్నాను. అంతర్గత విచారణే నన్ను మనిషిగా నలిపేసింది. లారీ డ్రైవర్లు నా సంతకం కోసం ఎదురుచూసే బల్ల ఒకటి సెక్యూరిటీ గది పక్కన ఉంటుంది. విచారణ జరిగిన మూడు రోజులూ పొద్దున పది గంటల నుంచి పిలుపు వచ్చేదాకా నన్ను ఆ బల్ల మీదే కూర్చోబెట్టారు. లోపలికి పోయేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ నా సంచి వెతికారు. రెండో రోజు టిఫిన్ డబ్బా మూత తీసి, అన్నం మీద పప్పును కూడా చూశారు. ఆ డబ్బాలోని అన్నాన్ని ఎన్నోసార్లు నాతో పంచుకున్న హమాలీ మేస్త్రీయే సాక్షిగా వచ్చి, నా ముఖం చూడలేక నేల చూస్తూ "సారు విసిరిండు" అన్నాడు. అది నిజమే కనుక అతని మీద నాకు కోపం లేదు. సాక్షిని ప్రశ్నించే హక్కు నాకుంది కాబట్టి ఒక్కటే అడిగాను: "అంతకుముందు మేనేజరు గారు నన్నేమన్నారు?" అతను మాట్లాడలేదు. విచారణాధికారి ఆ ప్రశ్నను రాయకుండా ముందుకు పోబోతే, ప్రశ్నతో పాటు "సాక్షి సమాధానం చెప్పలేదు" అన్న మాట కూడా రాస్తే తప్ప సంతకం చేయనని పట్టుబట్టాను. రాశారు. ప్రతి పేజీ చదివాకే సంతకం పెట్టి, నకలు అడిగి తీసుకున్నాను.

ఆ సాయంత్రమే హైదరాబాదు నుంచి వచ్చిన హెచ్‌ఆర్ అధికారి టైపు చేసిన రాజీనామా పత్రం నా ముందు పెట్టి, సంతకం చేస్తే మర్యాదగా పోవచ్చన్నాడు. అందులో మూడు బస్తాల బాధ్యత నాదేనని ఒక వాక్యం ఇరికించి ఉంది. నేను చేయని దొంగతనాన్ని నా చేతనే ఒప్పించాలన్న ఆ ఎత్తుగడను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఇలాంటి కాగితం మీ ముందు పెడితే దయచేసి సంతకం చేయకండి. పుస్తకం విసిరానని, దుర్భాషలాడానని నా జవాబులో నేనే రాశాను. అంతకు మించి ఒక్క ముక్క ఒప్పుకోలేదు.

తొలగింపు ఉత్తర్వులో, క్రమశిక్షణ తప్పినందున గ్రాట్యుటీ వర్తించదని రాశారు. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అలా చెప్పలేదు. ఉద్యోగి వల్ల ఆస్తినష్టం జరిగితే ఆ నష్టం మేరకు, అల్లర్లకో హింసకో నైతిక పతనంతో కూడిన నేరానికో తొలగిస్తే పూర్తిగానో కొంతగానో గ్రాట్యుటీ ఆపవచ్చని మాత్రమే అందులో ఉండేది. నా ఛార్జిషీటులో దూషణ, పుస్తకం విసరడం తప్ప ఎవరినీ కొట్టినట్టు లేదు. నా చివరి మూల వేతనం 15,600 రూపాయలను 26తో భాగించి, 15 రోజులకు, తొమ్మిదేళ్లకు హెచ్చించి గ్రాట్యుటీ కోరుతూ కంపెనీకి ఇచ్చే దరఖాస్తు, అంటే ఫారం ఐ, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముప్పై రోజులు దాటినా ఉలుకూ పలుకూ లేదు. గ్రాట్యుటీ తగాదాలు తేల్చే కార్మిక శాఖ నియంత్రణాధికారికి దరఖాస్తు చేస్తే, రెండో వాయిదాకే కంపెనీ దారికి వచ్చింది. మూడో వంతు ఇస్తే ఇప్పిస్తానన్న మధ్యవర్తిని గడప తొక్కనివ్వలేదు.

తొలగింపు మీద నేను పోరాడలేదు, ఎందుకంటే విసిరింది నేనే. మీకు అన్యాయం జరిగితే మాత్రం ఊరుకోకండి: 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 2-ఎ సెక్షను ప్రకారం, కార్మిక శాఖలోని రాజీ అధికారికి దరఖాస్తు చేసిన 45 రోజుల తర్వాత నేరుగా లేబర్ కోర్టుకు పోయే వీలుండేది, తొలగించిన నాటి నుంచి మూడేళ్ల లోపు పోవాల్సి ఉండేది. దాని చోట ఇప్పుడు కొత్త కార్మిక కోడ్ వచ్చింది కనుక, ఇప్పటి గడువు కార్మిక శాఖలో అడిగి తెలుసుకోండి.

పీఎఫ్ డబ్బు రెండు నెలలు ఆగి ఆన్‌లైన్‌లో తీసుకున్నాను. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి కనుక, పింఛను వాటాను మాత్రం తీసుకోకుండా, ఈ సర్వీసును తర్వాతి ఉద్యోగంలో కలుపుకోవడానికి పనికొచ్చే స్కీమ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

ఇప్పుడు ఎనుమాముల దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నాను. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని యజమాని అడిగితే దాచకుండా చెప్పాను, విచారణ నకలు చూపించాను. ఆయన ఆ ఒక్క ప్రశ్న, "సాక్షి సమాధానం చెప్పలేదు" అన్న వాక్యం రెండుసార్లు చదివి, సోమవారం నుంచి రమ్మన్నారు. పాత కంపెనీ నుంచి అనుభవ ధ్రువపత్రం ఇంకా రాలేదు. మూడో ఉత్తరం రేపు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.