స్కెగ్‌నెస్ గాలి, గెంతే జాలరి

ఏప్రిల్ కదా చలి తగ్గిపోయిందిలే అనుకుని పల్చటి జాకెట్ వేసుకుని నాటింగ్‌హామ్‌లో రైలెక్కా, రెండు గంటల తర్వాత ఇంగ్లండ్ తూర్పు తీరంలో ఉన్న స్కెగ్‌నెస్ అనే ఊళ్లో దిగిన అయిదు నిమిషాలకే తెలిసొచ్చింది. మా ఆవిడ చున్నీ చెవులకి చుట్టుకుంటూ "ఈ గాలి కోసమా ఇంత దూరం తీసుకొచ్చారు?" అంది. నిజానికి ఆ గాలి కోసమే!

విషయం ఏంటంటే, 1908లో గ్రేట్ నార్తర్న్ రైల్వే వాళ్లు లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఈ ఊరికి ఈస్టర్‌కి 3 షిల్లింగులకే స్పెషల్ రైలు వేశారు, దాని ప్రచారం పోస్టర్ కోసం జాన్ హాసల్ అనే ఆర్టిస్ట్ గీసిన బొమ్మని 12 గినీలకి (గినీ అంటే 21 షిల్లింగులు) కొన్నారు. బొద్దుగా ఉన్న జాలరి, నోట్లో పైపు, పెద్ద పెద్ద బూట్లు, చేతులు బార్లా చాపి సముద్రం ఒడ్డున గెంతుతుంటాడు, మాట మాత్రం ఒక్కటే, 'స్కెగ్‌నెస్ ఈజ్ సో బ్రేసింగ్' అని. బ్రేసింగ్ అంటే ఏం చెప్పాలి, ఒళ్లు జివ్వుమని బద్ధకం మొత్తం వదిలిపోతుంది చూడండి, అది. నార్త్ సీ మీంచి వచ్చే గాలి వణికిస్తుంది అన్న సంగతి దాచిపెట్టకుండా దాన్నే అమ్మేశారు, నాకు ఇదే భలే నచ్చింది. ఇప్పటి టూరిజం యాడ్స్‌లో అయితే ఎండ లేకపోయినా ఎండ పెట్టేస్తారు.

స్టేషన్ దగ్గరే ఆ జాలరి విగ్రహం ఉంది. నేను మాత్రం షాపులో పోస్టర్ ప్రింట్ ముందు చాలాసేపు నిలబడిపోయా. లావుపాటి నల్ల గీత, లోపల షేడింగ్ పెద్దగా లేని రంగులు, అంతే. హాసల్ ఆంట్వెర్ప్‌లోనూ పారిస్‌లోనూ చదువుకుని పట్టుకొచ్చిన పద్ధతి అది, రైలు అందుకోవాలని పరిగెత్తేవాడికి కూడా ఒక్క చూపులో అర్థమైపోవాలి కదా. లండన్ అండర్‌గ్రౌండ్‌లో, అంటే అక్కడి మెట్రోలో, ఫ్రాంక్ పిక్ అనే ఆయన పోస్టర్ల సంగతి చూడ్డం మొదలుపెట్టింది కూడా 1908లోనే, ఆయన కూడా హాసల్ చేతే బొమ్మ వేయించాడు.

అన్నిటికంటే తమాషా ఏంటంటే, బొమ్మ గీసేనాటికి హాసల్ ఈ ఊరు చూడనే లేదు, మొదటిసారి వచ్చింది 1936లో! ఇది చెబితే మా ఆవిడ "మరి, ముందే వచ్చి ఈ గాలి తగిలుంటే ఆ జాలరికి రెండు స్వెట్టర్లు వేసేవాడు" అంది.

చిప్స్ తింటుంటే కింద పేపర్ ఎగిరిపోయింది, దాని వెనక పరిగెత్తా, చేతులు చాపి, బూట్లు ఇసకలో కూరుకుపోతూ. ఆవిడ ఫోటో తీసింది. పైపు ఒక్కటే తక్కువట.